ముక్కు గొట్టం

మాస్కు పెట్టుకుంటే గవరయ్యకు పని లేదు. ఎందుకంటే ఆయన పనే వాసన చూడటం.

ఆ పిప్పి నూనె కేంద్రంలో నూట పది మంది పనిచేస్తారు. ఊడ్చేవాళ్ళకు మాస్కులిచ్చారు, గేటు దగ్గర కూర్చునేవాడికిచ్చారు, చెరకు పిప్పి తెచ్చే లారీ డ్రైవర్లకిచ్చారు. ఇవ్వనిది ఆరుగురికి. ఆ ఆరుగురూ ఒకప్పుడు అనకాపల్లి చుట్టుపక్కల గానుగల్లో బెల్లం వండినవాళ్ళు. అందరిలోకీ పెద్దవాడు గవరయ్య. అరవై రెండేళ్ళు. చొక్కా వేసుకుంటాడు గానీ చెప్పులు వేసుకోడు. బెల్లం పెనం ముందు చెప్పులతో నిలబడే అలవాటు వాళ్ళలో ఎవరికీ లేదు. ఇక్కడ కుండ ముందూ అంతే.

కుండ అంటే కుండ కాదు. అరచేయి మందం ఉక్కు. మూత మాత్రం ఇనుప అరుగు మీదికి కనిపిస్తుంది, మిగతాదంతా కింద కాంక్రీటు గోడల మధ్య. అందులో చెరకు పిప్పి, ఎండాకు, నీళ్ళు, డాక్టర్ హైమవతి కనిపెట్టిన బూడిదరంగు పొడి వేసి మూత బిగిస్తారు. మూడొందల ఇరవై డిగ్రీలకు కాస్తారు. ఆ వేడికి నీళ్ళు ఆవిరైపోవాలి. పోదామంటే దారి లేదు. అందుకని నీళ్ళు నీళ్ళుగానే ఉండి పిప్పిని నమిలేస్తాయి. భూమి కోట్ల ఏళ్ళు కూర్చుని చేసిన పనిని కుండ యాభై నిమిషాల్లో చేస్తుంది. నల్లటి ముడి నూనె వస్తుంది. దాన్ని పక్కనున్న ఎత్తైన స్తంభంలో మళ్ళీ కాచి డీజిలూ కిరసనాయిలూ విడగొడతారు.

చమురు ఓడలు రావడం మానేసి మూడేళ్ళయింది. జిల్లాలో తిరిగే ప్రతి అంబులెన్సూ ఈ పిప్పి నూనె తాగే తిరుగుతోంది. ఆ మాట ఒప్పుకోవాలి. ఈ కథలో నూనె తప్పేమీ లేదు.

తప్పు ఎక్కడుందంటే, ఆ యాభై నిమిషాల్లో ఎప్పుడో ఒక క్షణాన పిప్పి కాస్తా నూనెగా తిరుగుతుంది. తిరిగిన నిమిషం లోపు కింది వాల్వు తెరిచి చల్లటి తొట్టిలోకి దించెయ్యాలి. దించకపోతే నూనె గ్యాసవుతుంది. గ్యాసుకూ దారి లేదు. ఆ క్షణం ఎప్పుడొస్తుందో చెప్పే పరికరం లేదు. లోపల పెట్టిన ప్రతి తీగకూ నాలుగు వంటలకే తారు పట్టేసింది. పిప్పి కూడా రోజుకో రకం. వానకు తడిసింది ఒకటి, ఉప్పు నేలలో పండింది ఒకటి.

మొదటి రోజుల్లో గవరయ్య ఎడ్లబండి మీద పిప్పి తెచ్చేవాడు. ఒకరోజు గేటు బయటి నుంచే కేకేశాడు. "దించండెహె! పాకం ఒచ్చీసింది!" లోపల అందరూ నవ్వారు. ఆ వంట పాడైంది. మర్నాడూ కేకేశాడు, మర్నాడూ పాడైంది. మూడో రోజు డాక్టర్ హైమవతి స్వయంగా గేటు దగ్గరికి వచ్చి, ఆయన్ని అరుగెక్కించింది. ఆయన కోసం మూతలోంచి వెంట్రుకంత సన్నటి గొట్టం తీయించింది. చల్లారిన ఆవిరి అందులోంచి కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. దాని పేరు ముక్కు గొట్టం. దాని మీదికి వంగి మనిషి ఊపిరి పీల్చాలి. పగలు గవరయ్య, మిగతా వంతులకు తక్కిన ఐదుగురు. రోజుకు నాలుగు వంటలు, రెండున్నరేళ్ళు.

ఆ సోమవారం మూడో వంటకు గవరయ్య గొట్టం మీదికి వంగి ఉన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. అరుగు చివర వాల్వు చక్రం దగ్గర ఆయన కూతురు కుసుమ. మాస్కు పైన కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. గొట్టం పక్కనే చిన్న గాజు పెట్టె ఉంది. అది కూడా అదే ఆవిరి పీలుస్తోంది. అది మర ముక్కు. గవరయ్య "దించు" అన్న ప్రతిసారీ కుసుమ ఒక మీట నొక్కుతుంది. ఆ క్షణాన ఆవిరి ఎలా ఉందో పెట్టె గుర్తుపెట్టుకుంటుంది. ఆరు నెలలుగా అలా నేర్చుకుంటోంది.

"దించు!"

కుసుమ మీట నొక్కి చక్రం తిప్పింది. కింద తొట్టిలో బుస్సుమని పొంగి ఆగిపోయింది.

మేనేజర్ కిరీటి మెట్ల కిందే నిలబడి ఉన్నాడు. ఆయన అరుగు ఎక్కడు. "మూడు నెలలుగా ప్రతి వంటకూ నూనె ఎక్కువ దిగుతోంది. ముసలాడివయ్యే కొద్దీ నీ ముక్కు పదునెక్కుతోంది గవరయ్యా!" అన్నాడు.

గవరయ్య నవ్వలేదు. అలా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

క్యాంటీన్‌లో ఆ రోజు పాలు విరిగాయి. విరిగిన పాలతోనే టీ కాచి పోశారు. మొదటి గుక్కకే అందరూ ఉమ్మేసి క్యాంటీన్ వాడి వంశాన్నెత్తి తిట్టారు. డాక్టర్ హైమవతి మాత్రం లెక్కల కాగితం చూసుకుంటూ గ్లాసు మొత్తం తాగేసింది. "డాక్టరమ్మకి గడ్డి పెట్టినా తినీసి కాగితం తిప్పుద్ది," అన్నాడెవరో. నవ్వుకున్నారు. ఆమెకు వినిపించలేదు. గురువారం పెద్ద కుండ మొదటి వంట. పాత కుండకు పాతిక రెట్లు. దానికి ముక్కు గొట్టం దగ్గర మనిషి ఉండడు. గాజు పెట్టే ఉంటుంది.

*

మంగళవారం మధ్యాహ్నం పరదేశమ్మ పొయ్యి మీద ఎండు నెత్తళ్ళు వేయించడానికి పెట్టి, పక్కింటి మనిషితో మాటల్లో పడింది. తిరిగొచ్చేసరికి ఇల్లంతా పొగ. నెత్తళ్ళు బొగ్గులయ్యాయి. పొయ్యికి మూడడుగుల దూరంలో ఆమె మొగుడు గోడకు ఆనుకుని పొయ్యి వైపు వీపు పెట్టి వల అల్లుకుంటున్నాడు.

"ఏటి మావా, ముక్కు తాకట్టెట్టీసినావేటి?"

"ఆఁ?"

"సేపలు మాడి మసైపోనాయి."

గవరయ్య తిరిగి చూశాడు. పొగ చూసి ఉలిక్కిపడ్డాడు. అది పరదేశమ్మ కంట్లో పడింది. పొగ చూశాక ఉలిక్కిపడ్డాడు, ముందు కాదు.

ముప్పై ఏడేళ్ళ కాపురం. ఈ మనిషి గానుగ గుమ్మంలో నిలబడి, ఈ రసం ఎర్ర నేలదా, చవిటి నేలదా అని చెప్పేవాడు. పొరుగూరి నుంచి వచ్చిన బెల్లం దిమ్మ వాసన చూసి, వండినవాడి పేరు చెప్పేవాడు. పెళ్ళైన కొత్తలో ఆమె తలకు ఏ నూనె రాసుకుందో వీధి మలుపులోనే చెప్పేవాడు. అలాంటివాడు.

పరదేశమ్మ పొయ్యి ఆర్పింది. అన్నం వడ్డించింది. ఆవకాయ వేసింది. అటక మీంచి సీసా దించి, ఇంట్లో కాచిన చిక్కటి వంటాముదం అన్నం మీద ధారగా పోసి కలిపి ముందుపెట్టింది. ఆ వాసనకు ఆమే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

గవరయ్య ముద్ద చేసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు. రెండో ముద్ద.

"ఎలాగుంది?"

"బాగుంది. కారం కాసింత తగ్గింది." మూడో ముద్ద. "నెయ్యెక్కడిది?"

పరదేశమ్మ పళ్ళెం లాగేసుకుంది. "ఎన్నాళ్ళయ్యింది?"

"ఏటి ఎన్నాళ్ళు?"

"నాకాడ దాయకు మావా. అది నెయ్యి కాదు, ఆందం. రేపు పొద్దున్న ఎలాగూ నీకే తెలుస్తాది."

గవరయ్య ఎంగిలి చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. "సంకురేత్రి తరవాత నుంచి," అన్నాడు. "ముందు సన్న వాసనలు పోనాయి. తరవాత పెద్దవి. ఇప్పుడు కారం తెలుస్తాది. ఉప్పు తెలుస్తాది. ఇంకేటీ లేదు. అన్నమూ గడ్డీ ఒకటే."

"మరి అక్కడ ఎలాగ సెప్తన్నావు?"

"కాలితోటి." ఆయన పాదం నేల మీద ఆనించాడు. "కుండ ఉడికినంతసేపూ రేకు గజగజలాడతాది. పాకం తిరిగీసినాక నాలుగు ఊపిర్ల సేపు నోరు మూసుకుంటాది. బెల్లం పెనంలో పెద్ద బుడగలు సిన్నవైపోతాయి సూడు, అలాగ. అది కాలికి తెలుస్తాది. ముక్కు పోతే కాలుంది కదా. ఒక్క వంటా పాడవలేదు. ఇంకా నూనె పెరిగింది."

"డాక్టరమ్మకి సెప్పీ."

"నోరు ముయ్యే. పెనం మాడ్చినోణ్ణి ఇంకో గానుగకి పిలుస్తారేటి? ముక్కు లేనోడు బెల్లం ఒండినోడని ఎవుడైనా అంటాడేటి? నేను పోతే నా ఎనకాల అయిదుగురు పోతారు."

అదీ ఆయన చేసిన తప్పు. దొంగతనం కాదు, మోసం కాదు. వండేవాడి పొగరు. పెనం ముందు ఒప్పుకోకూడని మాట ఒకటుంది, దాన్ని ఆయన ఇనుప కుండ ముందూ ఒప్పుకోలేదు. పైవాళ్ళకు కావలసిందీ అదే. పనివాడు నోరు మూసుకుంటే వాళ్ళకు వైద్యుణ్ణి పిలవాల్సిన పని లేదు.

*

తల్లి ఆ సాయంత్రమే కూతురికి చెప్పేసింది. బుధవారం పొద్దున కుసుమ పని ఎక్కగానే గాజు పెట్టె చిట్టా తెరిచింది. ఎనిమిదొందల వంటలు. ఆమె డిగ్రీ చదవలేదు. ఐటీఐ చేసి, మిగతాది మనుషుల్ని అడిగి నేర్చుకుంది. కానీ ఒక వరస చూస్తే వంకర తెలుస్తుంది. సంక్రాంతి ముందు తండ్రి "దించు" అన్నప్పటికీ ఇప్పుడు అన్నప్పటికీ పెట్టె గీసిన ఆవిరి గీత మారిపోయింది. మెల్లగా, రోజూ కొంచెం.

తండ్రిని అరుగు మీదే పట్టుకుంది. మాస్కు కిందికి లాగింది.

"నాన్నా. ముక్కుతో అయితే పాకం తిరిగే ముందు తెలిసేదా, తిరిగాక తెలిసేదా?"

గవరయ్యకు అర్థమైంది, పెళ్ళాం చెప్పేసిందని. దాచలేదు. "ముందు. కాల్చిన చెరుకు వాసన పోయి, తడిసిన తాటాకు వాసనొచ్చేది. అప్పుడు ఇంకా అరనిమిషం ఉండేది."

"కాలితో అయితే?"

ఆయన తన పాదాల వైపు చూసుకున్నాడు.

"తిరిగాక తెలుస్తుంది. అవునా? అందుకే నూనె ఎక్కువ దిగుతోంది. ఆలస్యంగా దించుతున్నావు. అంచు దాకా పోయి దించుతున్నావు."

"ఏటీ అవలేదు కదా."

"ఈ కుండ చిన్నది, గబుక్కుని చల్లారుతుంది కాబట్టి అవలేదు. అది పాతిక రెట్లు నాన్నా. ఒకసారి తిరిగితే దాని వేడే దాన్ని ముందుకు తోసేస్తుంది. అంత పెద్దదాంట్లో ఆవిరి గొట్టం దాకా రావడమూ ఆలస్యమే." ఆమె గాజు పెట్టె మీద అరచేత్తో కొట్టింది. "ఇది నీ దగ్గరే నేర్చుకుంది. నీ ముక్కు దగ్గర కాదు, నీ కాలి దగ్గర. ఆలస్యాన్నే పాకం అనుకుంటోంది."

కింద లారీ హారన్ మోగింది. ఎవరో అరిచారు. గవరయ్య గొట్టం వైపే చూస్తున్నాడు.

"రేపు పెద్ద కుండ దగ్గర ఎవరుంటారు?" అడిగాడు.

"దించేది మిషనే. చేత్తో తిప్పే అత్యవసర చక్రం ఒకటుంది. దాని దగ్గర నేను."

గవరయ్య గబగబా మెట్లు దిగాడు. హైమవతి గదికి వెళ్ళాడు. ఆమె కాగితాల మధ్య తలెత్తకుండానే కూర్చోమంది.

"డాక్టరమ్మా, ఆ మర ముక్కు ఆలీసంగా సెప్తాదమ్మా."

"ఎంత ఆలస్యం?"

"అరనిమిషం."

"ఎలా తెలిసింది మీకు?"

చెప్పాల్సిన మాట నాలుక మీదికి వచ్చింది. అరవై రెండేళ్ళ మనిషి. వండిన బెల్లం పది జిల్లాలకు పోయిన మనిషి. ఆ మాట నాలుక మీదే ఎండిపోయింది. "నాకు తెలుసమ్మా," అన్నాడు.

హైమవతి కళ్ళజోడు తీసింది. ఆమె చెడ్డ మనిషి కాదు. తొమ్మిదేళ్ళుగా ఈ కుండ పక్కనే బతుకుతోంది. గవరయ్య రాకముందు తొట్టి ఆవిరి మీద వంగి తలనొప్పులు తెచ్చుకున్నది ఆమే. "గవరయ్య గారూ, మిషను మీతో పోటీ కాదు. మీరు చెప్పిందే అది చెబుతుంది. ఆఖరి వంద వంటల్లో మీకూ దానికీ మధ్య రెండు సెకన్ల తేడా కూడా లేదు. రేపు మిమ్మల్ని పెద్దల పక్కన కూర్చోబెడుతున్నాం."

బయటికి వచ్చి ఆయన గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. గోడ చల్లగా ఉంది. ఆ మాత్రం తెలిసింది.

*

గురువారం పదింటికి షామియానా కింద కుర్చీలన్నీ నిండిపోయాయి. గవరయ్యకు కొత్త ధోవతి, మెడలో బంతిపూల దండ, కాళ్ళకు నల్ల బూట్లు. "పెద్దవాళ్ళ ముందు వట్టి కాళ్ళతో ఏంటయ్యా," అని కిరీటి మనిషిని పంపి తొడిగించాడు. బూట్లు ఒక సైజు పెద్దవి. అరుగు అరవై అడుగుల దూరంలో ఉంది. కుర్చీల కింద కాంక్రీటు నేల, దాని మీద తివాచీ.

కుండ వేడెక్కుతోంది. పక్కన పెద్ద తెర మీద అంకెలు. మర ముక్కు లెక్క పచ్చ రంగులో వెనక్కి నడుస్తోంది. ఇంకా ఆరు నిమిషాలు. ఇంకా ఐదు.

కిరీటి మైకు పట్టుకున్నాడు. "మన గవరయ్య గారి ముక్కును మనం ఇవాళ శాశ్వతం చేస్తున్నాం!" చప్పట్లు.

గవరయ్య కుర్చీలో కదిలాడు. బూట్లలో వేళ్ళు ముడుచుకున్నాడు. ఏమీ లేదు. చెవుల్లో మైకు హోరు. ముక్కులో ఏమీ లేదు. ఆయనకిప్పుడు లోకం దూది చుట్టిన బొమ్మలా ఉంది. అరుగు మీద కుసుమ, ఎర్ర చక్రం పక్కన, పసుపు టోపీ పెట్టుకుని. అంత దూరం నుంచి చిన్నపిల్లలా ఉంది.

తెర మీద: ఇంకా రెండు నిమిషాలు.

బూట్లు విప్పాడు. తివాచీ పక్కకు తన్ని కాంక్రీటు మీద పాదం ఆనించాడు. రాయి. వట్టి రాయి.

"ఏం చేస్తున్నారు? వేసుకోండి, ఫొటోలు తీస్తున్నారు," అన్నాడు కిరీటి మైకు చేత్తో మూసి.

గవరయ్య లేచాడు. దండ తీసి కుర్చీలో పడేశాడు. "బాబూ, నాకు వాసన తెలదు," అన్నాడు. అంత మందిలో మొదటిసారి ఆ మాట అలా బయటపడింది, దగ్గులా. "మీ మిసను నేర్సుకున్నాది తప్పు. నాకు ముక్కు లేదు!"

నవ్వులు. ఇంకేమనుకుంటారు? కిరీటి ఆయన భుజం పట్టుకుని కూర్చోబెట్టబోయాడు. గవరయ్య ఆ చెయ్యి విదిలించుకుని పరిగెత్తాడు. అరవై రెండేళ్ళ మనిషి ఎలా పరిగెడతాడో అలాగే, ధోవతి ఒక చేత్తో ఎత్తి పట్టుకుని. ఎవరో ఆపండన్నారు. మెట్ల దగ్గర కాపలా మనిషి అడ్డొచ్చాడు. అతని చంక కింద నుంచి దూరాడు.

మెట్టు ఎక్కేసరికే అరికాలు చుర్రుమంది. పైకెళ్ళాడు. రెండు పాదాలూ ఇనుప రేకు మీద పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

నోరు మూసుకుని ఉంది. కుండ నోరు మూసుకుని ఉంది. ఒక ఊపిరి. రెండు. ఎప్పటి నుంచో తెలియదు.

"దించీ గుంటా!" అని కూతుర్ని కేకేశాడు.

కుసుమ తెర వైపు చూసింది. ఇంకా నలభై సెకన్లు. పచ్చ రంగు. అసలు వాల్వు మిషను చేతిలో ఉంది. తన చేతిలో ఉన్నది ఎర్ర చక్రం మాత్రమే. అది తిప్పితే కుండలోదంతా పెరట్లో సున్నపు నీళ్ళ గుంటలోకి పోతుంది. నెల రోజుల సరుకు పోతుంది, ఉద్యోగం పోతుంది. ముక్కు లేని మనిషి చెబుతున్నాడు దించమని.

అరికాళ్ళు కాలుతున్నా ఆయన కదల్లేదు. అది చూసింది ఆమె.

చక్రం తిప్పేసింది.

పెరడు దద్దరిల్లింది. సున్నపు నీళ్ళు తాటిచెట్టంత లేచాయి. నల్లగా, తెల్లగా, బూడిదగా నురగ. షామియానా తాళ్ళు తెగాయి. పెద్దలంతా గేటు వైపు పరుగు. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. ఎవరికీ గీత కూడా పడలేదు.

గవరయ్య అరికాళ్ళకు తప్ప.

*

ఎవరికీ ఏమీ కాకపోవడమే ఆయన నేరమైంది.

శనివారం విచారణ. బల్ల వెనక కిరీటి, పక్కన డాక్టర్ హైమవతి, ఆమె ముందు ఒక కాగితం. సోమవారం పెద్ద కుండను మళ్ళీ ఎక్కించడానికి అనుమతి. మర ముక్కు సరిగ్గానే ఉందని ఆమె సంతకం పెడితే చాలు. ఈసారి అరుగు మీద కుసుమ ఉండదు, ఆమెను గేటు బయట పెట్టేశారు. ఆమె బదులు ఇంకెవరి కూతురో, ఇంకెవరి కొడుకో ఉంటారు.

గవరయ్య రెండు పాదాలకూ కట్లు కట్టుకుని బల్లకు ఎదురుగా కూర్చున్నాడు. మిగతా ఐదుగురు వండేవాళ్ళను బయట వరండాలో వరసగా కూర్చోబెట్టారు. కారియర్ పట్టుకుని వచ్చిన పరదేశమ్మను ముసలాయన తిండి కోసమని లోపలికి వదిలారు.

"కుండ పేలిపోయేదని రుజువేమిటి?" అన్నాడు కిరీటి.

"పేలనివ్వలేదు బాబూ."

"అదే అడుగుతున్నా. గుంటలో పడ్డదాన్ని పరీక్షకు పంపాం. సున్నంలో కలిసిపోయింది, ఏమీ తేలదన్నారు. మిషను నలభై సెకన్లుందని చెప్పింది. నువ్వు లేదన్నావు. నూనె పోయింది. నీ పని పోతోందని కడుపుమంటతో చేశావని నేనంటాను."

"నాకు ముక్కు లేదు. మూడు నెలల నుంచి లేదు. కాలితోటి సెప్పినాను. మీ మిసను అదే నేర్సుకుంది."

"మొన్నటి దాకా ఉంది, పెద్ద కుండ రాగానే పోయిందా? సర్టిఫికెట్ ఉందా? చిట్టాలో గీత మారిందని మీ అమ్మాయి అంటోంది, పిప్పి మారితే గీతా మారుతుంది."

హైమవతి నెమ్మదిగా అంది. "గవరయ్య గారూ, ఆ మాట నిజమైతే ఆఖరి మూడు నెలల పాఠమంతా తప్పే. అప్పుడు నేను సంతకం పెట్టలేను. కానీ నాకు ఏదో ఒక రుజువు కావాలి. మాట చాలదు."

గోడ దగ్గర నేల మీద కూర్చున్న పరదేశమ్మ కారియర్ గిన్నెలు విప్పింది. ఆవకాయ అన్నం. గది నిండా ఒక్కసారి వాసన కమ్ముకుంది. కిరీటి జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. "ఏమిటది? ఎవరైనా కక్కుకున్నారా?"

"ఆందం బాబూ. ఆందమన్నం." ఆమె మొగుడి చేతిలో ముద్ద పెట్టింది. గవరయ్య తిన్నాడు. ఇంకో ముద్ద. నెమ్మదిగా, ఇంట్లో తిన్నట్టే.

"నాటకం," అన్నాడు కిరీటి రుమాలు లోంచి. "మొండిమనిషి. విషమైనా తింటాడు."

"ఈయన నాటకమే అనుకోండి." పరదేశమ్మ లేచి గిన్నె పట్టుకుని వరండాలోకి వెళ్ళింది. మూసి ఉన్న తలుపును తెరిచే ఉంచింది. "పొద్దున్నుంచి ఏటీ తిన్నేదు కదా, ఒక్కొక్క ముద్ద తినండి," అని ఐదుగురి చేతుల్లోనూ పెట్టింది. వాళ్ళకు అప్పటిదాకా లోపలి మాటలు వినపడలేదు. అందులో ఏముందో చెప్పేవాళ్ళు లేరు.

మొదటివాడు చెయ్యి ముక్కు దాకా తెచ్చి, "ఓలమ్మో, ఆందం కలిపీసినావేటి ఒదినా!" అని కింద పడేశాడు. చివరివాడు నోట్లో పెట్టుకుని తుపుక్కున ఉమ్మేశాడు.

మధ్యలో ముగ్గురూ తింటూనే ఉన్నారు. వాళ్ళలో ఒకడు చెయ్యి చాపి ఇంకో ముద్ద అడిగాడు. అడిగాక చుట్టూ చూశాడు. ఎందుకు అందరూ తనవైపే చూస్తున్నారో అర్థంకాక ఆ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

కిరీటి తేరుకుని రుమాలు నలిపాడు. "ముందే మాట్లాడుకుని వచ్చారు. డాక్టర్ గారూ, ఇదంతా వీళ్ళ..."

"ఉండండి." హైమవతి బల్ల చుట్టూ నడిచి వచ్చింది. ఆమెది వేరే రకం పొగరు. పక్కవాడి మాట నమ్మదు, తన చేత్తో చూస్తేనే నమ్ముతుంది. "ఇంత దూరం వచ్చాక అది ఆముదమో కాదో కూడా చూడాలి కదా."

గిన్నెలోంచి రెండు వేళ్ళతో చిన్న ముద్ద తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. నోట్లో వేసుకుని నమిలింది. మింగింది.

"ఇందులో ఆముదం ఏదమ్మా?" అంది. "మామూలు నువ్వుల నూనే కదా."

కిరీటి రుమాలు చెయ్యి మెల్లగా కిందికి దిగింది. వరండాలో ఆముదం ఉమ్మినవాడు ఇంకా కక్కుకుంటున్నాడు.

గవరయ్య తల దించుకున్నాడు. ఆమె వైపు చూడలేకపోయాడు.

హైమవతి ఒక్కొక్కరి ముఖం చూసింది. పరదేశమ్మ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది. కొంగు చాటు నుంచి ఆముదం సీసా తీసి, మూత తిప్పి, బిడ్డకు మందు పట్టినట్టు ఆమె ముక్కు కింద పెట్టింది.

హైమవతి ఊపిరి పీల్చింది. మళ్ళీ పీల్చింది.

మూడోసారి ఇంకా గట్టిగా, భుజాలు పైకి లేచేలా పీల్చింది. తర్వాత చెయ్యి చాపి, కాగితం మీద తెరిచి ఉన్న కలానికి మూత పెట్టేసింది.